గద్ద కడుపులో ఎలుకలు

మా బావ క్రేన్ నడుపుతాడు. చక్రాల మీద రోడ్డెక్కి తిరిగే క్రేన్ కాదు, కట్టే బిల్డింగు పక్కన ఒంటికాలి మీద నిలబడే టవర్ క్రేన్. ఆయన కూర్చునే గాజు గది ముప్పై నాలుగు అంతస్తుల ఎత్తులో ఉంటుంది. కింద నుంచి చూస్తే అది అగ్గిపెట్టె. అక్కడి నుంచి చూస్తే మనం అసలు లేము. అంత ఎత్తున కూర్చుని కింద ఏ మేకు ఎక్కడ పడిందో చెబుతాడు కాబట్టి సైట్లో అందరూ ఆయన్ని గద్ద అంటారు.

ఆయన చెయ్యి ఎంత నేర్పైనదంటే, ఒకసారి వాచ్‌మన్ కుర్చీలో కునుకు తీస్తుంటే ముక్కు మీద ఈగ వాలింది. మా బావ రెండు టన్నుల కాంక్రీటు బకెట్టును పైనుంచి దించి ఆ ఈగను లేపాడు, వాచ్‌మన్‌ను లేపలేదు. ఇది జరగలేదు అనేవాళ్ళంతా ఆ రోజు సెలవులో ఉన్నవాళ్ళే.

నేను కింద ఉంటాను. కొక్కేనికి బరువు తగిలించి, వాకీటాకీలో ఎత్తు, ఆపు, ఎడమకి, నిదానం, దించు అని చెప్పడం నా పని. గోడ అవతల దించేటప్పుడు పైనున్న మనిషికి ఏమీ కనపడదు, నా మాటే ఆయనకు కళ్ళు. పనికి కావలసిన మాటలు అయిదే అయినా నేను ఇంకో అయిదొందలు కలిపి చెబుతానని నన్ను రేడియో అంటారు. మా బావ రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో మూడు నన్ను నోరు మూసుకోమనడానికే.

ఇలాంటి మనిషికి ఆరేళ్ళ క్రితం కడుపులో గొడవ మొదలైంది. ఉన్నట్టుండి మెలిపెడుతుంది, ఉబ్బుతుంది, ఆ వెంటనే పరుగెత్తమంటుంది. ఇంట్లో అయితే పరుగెత్తవచ్చు. ముప్పై నాలుగు అంతస్తుల మీద పరుగెత్తడానికి నిచ్చెన ఒక్కటే దారి. ఎక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి పన్నెండు. కడుపు పన్నెండు నిమిషాలు ఆగే రకం కాదు.

డాక్టర్ల దగ్గరికి తిరిగాడు. రక్తం చూశారు, స్కాన్ తీశారు, గొట్టం చివర కెమెరా పెట్టి లోపలికి పంపారు. కెమెరా అంతా తిరిగి చూసి బయటికొచ్చి, ఏమీ లేదంది. ఐబీఎస్ అని మూడక్షరాల పేరు మాత్రం చేతిలో పెట్టారు.

"ఏమీ లేకపోతే నేనేంట్రా, నాటకాలాడుతున్నానా?" అన్నాడు బావ. ఆ రోజు పది మాటల లెక్క అక్కడే సరిపోయింది.

తనకు తోచిన జాగ్రత్తలు తను మొదలుపెట్టాడు. తెల్లారకముందే లేచి ఏడుసార్లు వెళ్ళొచ్చేవాడు. పొద్దున ముద్ద ముట్టడం మానేశాడు. ఊళ్ళో ఏ వీధిలో ఎక్కడ మరుగుదొడ్డి ఉందో ఆయనకు తెలిసినట్టు పోస్ట్‌మన్‌కు ఇళ్ళు తెలియవు. అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ఒకటుంది. ఈ ఆరేళ్ళలో మా బావ నోట ఆకలి అన్న మాట వినలేదు. తిండి ఆయనకు శత్రువైపోయింది.

ఇంట్లో మేమేం తక్కువ తినలేదు. గుమ్మంలో మా అక్క, "ఏవండీ, కడుపెలా ఉంది?" సైటు గేటు దగ్గరికి చేరేసరికి ఫోన్లో ఆయన తల్లి, అంటే మా అత్త, "నాయనా, కడుపెలా ఉంది?" పది గంటలకు వాకీటాకీలో నేను, "బావా, కడుపెలా ఉంది?" ప్రేమ అనుకున్నాం. పాపం ఆ కడుపు కాస్త కునుకు తీద్దామనుకున్నప్పుడల్లా మేము తలుపు కొట్టి లేపుతున్నామని మాకేం తెలుసు.

చివరికి ఒకరోజు ఇనుప కడ్డీల కట్టను గాల్లోనే వదిలేసి మా బావ దిగిపోవలసి వచ్చింది. నలభై నిమిషాలు సైటంతా ఆ కట్ట కింద నుంచి తప్పుకుని నిలబడింది. దేవుడి దయ, ఏమీ కాలేదు. ఇలా పని మధ్యలో దిగడం మూడోసారి.

సైట్ ఇంజనీరు బావకన్నా చాలా చిన్నవాడు. మర్యాదగానే చెప్పాడు.

"గద్దన్నా, రెండు నెలల్లో రెండు టవర్ల మధ్య ఉక్కు వంతెన ఎక్కించాలి. పదకొండు టన్నులు. అది కొక్కేనికి తగిలాక, బోల్టులు పడేదాకా నువ్వు కదలకూడదు. ఆరేడు గంటలు. కూర్చోగలనంటే చెప్పు. లేకపోతే వేరే మనిషిని పిలిపిస్తాను, నువ్వు స్టోరు చూసుకో."

స్టోరంటే కింద రేకుల గది. బోల్టులు, చేతి తొడుగులు. ఇరవై రెండేళ్ళు ఆకాశంలో కూర్చున్న గద్దను కోళ్ళ గూట్లో పెడతానంటున్నాడు. మా బావ తలూపి వచ్చేశాడు. ఆ సాయంత్రం కడుపు డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఒక చీటీ రాసిచ్చాడు. మాటలతో వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి.

"నాకేమైనా పిచ్చా?" అన్నాడు బావ చీటీ మడిచి.

"పిచ్చి లేకపోయినా పర్లేదట బావా, చూస్తారట," అన్నాను. అలా అన్నందుకు చీటీ నా జేబులో కుక్కి, తోడు రమ్మన్నాడు.

కళ్ళజోళ్ళ దుకాణం మీద రెండో అంతస్తులో ఒక గది. మూడు కుర్చీలు, కిటికీలో ఒక మొక్క, చప్పుడు చెయ్యని గడియారం. డాక్టరమ్మ ఎంత చిన్న మనిషంటే, కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకందక పీట వేసుకుంది. ఈమె మా గద్దకేం చేస్తుందిలే అనుకున్నాను. ఆమె మొదటి మాట విన్నాక నా అంచనా చెప్పుల దగ్గర వదిలేశాను.

"నొప్పి నిజమే," అంది. "మీరు ఊహించుకుంటున్నది కాదు."

మా బావ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాల మీద దుమ్మేం లేదు, నేను చూశాను.

"మరి కెమెరాకి కనపడలేదేం?" అన్నాడు.

"మీ వాకీటాకీ బాగానే ఉండి, వాల్యూమ్ చివరిదాకా తిప్పేసి ఉంటే ఏమవుతుంది?"

"కిందవాడు గుటక వేసినా ఉరిమినట్టుంటుంది."

"మీ పేగుకీ మెదడుకీ మధ్య అదే జరుగుతోంది. పేగు మామూలుగా కదిలినా మెదడుకు ఉరుములా వినిపిస్తోంది. మెదడు కంగారుపడితే పేగు ఇంకా బిగుసుకుంటుంది. సెట్టు చెడిపోలేదు, అందుకే కెమెరాకి దొరకలేదు. మనం వాల్యూమ్ తగ్గించడం నేర్చుకుందాం. పూర్తిగా కట్టేస్తానని మాటివ్వను. తగ్గించడం మాత్రం మీ చేతిలోకి వస్తుంది."

తర్వాత ఆమె కడుపు గురించి అడగలేదు. పని గురించి అడిగింది. బరువు నేలకు ఆనే ముందు ఏం చేస్తారు అంది. మా బావ మొదలుపెట్టాడు. పెళ్ళినాడు కూడా అంత మాట్లాడలేదు.

"ఆఖరి జానెడు ఉంటుందమ్మా. అదే అసలు పని. బరువు ఊగుతుంటుంది. కొత్తవాడైతే ఆపుదామని లివరు అటూ ఇటూ లాగుతాడు, అది ఇంకా ఊగుతుంది. ఊగనివ్వాలి. చెయ్యి ఊరికే లివరు మీద ఉంచి చూస్తూ ఉండాలి. దాని ఊపు అదే తగ్గించుకుంటుంది. అప్పుడు నిదానంగా దించాలి."

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది.

"వైద్యం మీకు ముందే తెలుసు," అంది. "ఇరవై రెండేళ్ళుగా బరువుకు చేస్తున్నదే కడుపుకు చెయ్యాలి."

వారానికొకసారి వెళ్ళేవాళ్ళం. ఆమె మా బావను వెనక్కి వాలి కళ్ళు మూసుకోమనేది. కడుపు మీద అరచెయ్యి పెట్టించి, పొట్ట పైకి లేచేలా నిదానంగా ఊపిరి పీల్చి, అంతకన్నా నిదానంగా వదలమనేది. ఆ తర్వాత అరచేతి కింద వెచ్చదనం, కొక్కేనికి ఊగే బరువు, దాని ఊపు తగ్గడం, ఆఖరి జానెడు, ఇలా మా పని మాటలతోనే లోపలికి తీసుకెళ్ళేది. ఆమె గొంతు వింటే కిటికీలో మొక్క కూడా ఆకులు వాల్చేసేది. ఇంట్లో రోజూ వినడానికి ఆ మాటలన్నీ ఫోన్లో రికార్డు చేసిచ్చింది.

ఇక ఇంటి పని. ఏడుసార్లు వెళ్ళేది ఆరు చెయ్యాలి, తర్వాత అయిదు. పొద్దున కొంచెం తినే వెళ్ళాలి. తిని, పదో అంతస్తు దాకా ఎక్కి ఇరవై నిమిషాలు కూర్చుని దిగాలి, కడుపు గొణిగినా గొణగనివ్వాలి. పై వారం ఇరవయ్యో అంతస్తు. మొదటిరోజు పదో అంతస్తు నుంచి మా బావ దిగొచ్చేసరికి చొక్కా పిండితే బిందెడు చెమట. అయినా మర్నాడు మళ్ళీ ఎక్కాడు. ముప్పై నాలుగు రోజూ ఎక్కేవాడికి పది ఎంత కష్టమో ఆ వారం తెలిసింది. ఆయన ఎక్కుతున్నది నిచ్చెన కాదు కదా.

ఆఖరి షరతు మాకు. "ఇంట్లో ఎవరూ కడుపెలా ఉందని అడగొద్దు."

"అడక్కపోతే నాకెలా తెలుస్తుంది తల్లీ?" అంది అత్త, ఆ వారం తనూ వచ్చి.

"తెలియకపోతే ఏమవుతుందమ్మా?"

అత్త ఆలోచించింది. "నాకు తోచదు."

"అయితే ఇంకేదైనా అడగండి."

మర్నాటి నుంచి అత్త ఫోన్ చేసి, "నాయనా, ఆకాశం ఎలా ఉంది?" అని అడగడం మొదలుపెట్టింది.

అంతా సవ్యంగా నడుస్తుండగా నేను ఒక ఘనకార్యం చేశాను. అయిదో వారం, భోజనాల వేళ. బావ రేకుల గదిలో బల్ల మీద పడుకుని డాక్టరమ్మ రికార్డు వింటున్నాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. కూర్చున్నది స్టూలు మీద కాదు, దాని మీద పెట్టిన వాకీటాకీ మీద. మాట్లాడే మీట నా కింద నొక్కుకుపోయింది.

సైట్లో అరవై వాకీటాకీలు. అరవైలోనూ డాక్టరమ్మ గొంతు. "కళ్ళు మూసుకోండి. అరచెయ్యి కడుపు మీద పెట్టండి. తొందరేం లేదు."

కంపెనీ ఆర్డరేమో అనుకున్నారు జనం. కాంక్రీటు పంపు నడిపే ఆయన మీట ఆపి కడుపు మీద చెయ్యి పెట్టాడు. వాచ్‌మన్‌కు అసలు చెప్పనక్కర్లేకపోయింది. గేటు బయట లారీలు వరసకట్టాయి. గేటు తియ్యమని అరవడానికి దిగిన డ్రైవరు వాచ్‌మన్ చేతిలోని వాకీటాకీలో గొంతు విని వెళ్ళి బండిలో పడుకున్నాడు. ఆ పావుగంట ఊళ్ళో ఆ చివర కట్టే బిల్డింగుల్లో కూడా సుత్తి చప్పుడు ఆగిపోయిందని చెప్పుకుంటారు. చివర్లో మాత్రం డాక్టరమ్మ, "మీ పేగులు ప్రశాంతంగా ఉన్నాయి, గద్దగారూ," అంది. ఆ పేరుతో పిలిస్తే బాగుంటుందని ఆమెకు నేర్పింది నేనే.

అరవైమందికి విషయం తెలిసిపోయింది. మా బావ లేచి, నా కింద నుంచి వాకీటాకీ లాగి చూసి, బయటికి నడిచాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎత్తు అంటే ఎత్తాడు, దించు అంటే దించాడు, అంతే.

డాక్టరమ్మ గదిలో నేను దోషిలా నిలబడ్డాను. ఆమె విని, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, కాసేపు కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదలడం కనిపించింది. తర్వాత బావను అడిగింది.

"నలుగురికీ తెలిస్తే తలెత్తుకోలేనని మొదటి వారం రాసిచ్చారు, గుర్తుందా? ఇప్పుడు తెలిసింది. ఏం జరిగింది?"

బావ గోడకేసి చూస్తూ చెప్పాడు. "పంపు ఆయన వచ్చి తనకూ ఇదే ఉందన్నాడు. పదకొండేళ్ళుగా. భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదట. వెల్డరు, రేపు కూడా పెట్టమన్నాడు."

"ఎవరైనా నవ్వారా?"

"వీణ్ణి చూసి నవ్వారు," అని నావైపు చూపించాడు. రెండు రోజుల తర్వాత నన్ను చూడటం అదే మొదలు. ఇంకో మాట కూడా అన్నాడు. "ఏం జరగలేదమ్మా. నేను భయపడ్డదేదీ జరగలేదు."

జరిగిందల్లా ఒకటే. పొద్దున్నే అరవైమందీ ప్రేమగా, "గద్దన్నా, కడుపెలా ఉంది?" అని అడుగుతున్నారు. ఇది నేను సరిదిద్దుతానన్నాను. సైట్లో కడుపు అన్న మాటే నిషేధం, అన్నవాడు అయిదు అంతస్తులు ఎక్కి దిగాలి అని వాకీటాకీలో చాటించాను. ఆ మాట లేకుండా మనకు పూట గడుస్తుందా? కడుపు నిండా తిన్నానన్న వెల్డరు ఎక్కాడు. తప్పయింది, కడుపులో పెట్టుకోండన్న వాచ్‌మన్ ఎక్కాడు. వాళ్ళను చూసి కడుపుబ్బ నవ్వానన్నందుకు నేనూ ఎక్కాను. రెండు రోజుల్లో సైటంతా నిచ్చెనల మీదే ఉంది.

"నేను అడగొద్దన్నాను, అనొద్దనలేదు," అంది డాక్టరమ్మ. "మాటను దాస్తే భూతమవుతుంది. అనుకోనివ్వండి. ఆయన్ని మాత్రం ఊరికే ఉండనివ్వండి." నిషేధం ఎత్తేశాం.

వంతెన రోజు రానే వచ్చింది. మా బావ రెండుసార్లే వెళ్ళొచ్చి, అక్క పెట్టినదంతా తిని, ఆరు గంటలకు నిచ్చెన ఎక్కాడు. నేను ఇరవై తొమ్మిదో అంతస్తు అంచున వాకీటాకీ పట్టుకుని నిలబడ్డాను, నడుముకు తాడు కట్టుకుని. ఇంజనీరు నా పక్కనే. ఎనిమిదికి వంతెన నేల వదిలింది. దాని నీడ పాకుతుంటే కింద కుక్కలు లేచి జాగా మార్చుకున్నాయి. తొమ్మిదిన్నరకు రెండు టవర్ల మధ్యకు, అది కూర్చోవలసిన గూళ్ళకు సరిగ్గా జానెడు పైకి వచ్చింది.

"దించు," అన్నాను.

దిగలేదు. ఊగుతోంది. బావ పలకలేదు.

కొక్కెం ఆగిన తీరు చూస్తే నాకు అర్థమైంది. వచ్చింది. పదకొండు టన్నులు వేలాడుతుండగా, గద్దకు దిగే దారి లేనప్పుడు వచ్చింది.

"ఏమైంది? కడుపా? అడుగు రేడియో," అన్నాడు ఇంజనీరు, వాకీటాకీ కోసం చెయ్యి చాపుతూ.

"ఆఖరి జానెడు సార్," అన్నాను, దాన్ని గుండెకు హత్తుకుని. "ఇక్కడ అడక్కూడదు."

నా జీవితంలో నాలుగు నిమిషాలు నోరు మూసుకున్నది అప్పుడొక్కసారే. నాలుక మీద పళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను. వాకీటాకీలో ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నిదానంగా పైకి, ఇంకా నిదానంగా కిందికి. ఆ ఊపిరికి అటు టవర్లో వంతెన తాళ్ళు పట్టుకున్నవాళ్ళ భుజాలు కూడా లేచి దిగుతున్నాయి. పంపు ఆయన కింద నిలబడి, అరచెయ్యి కడుపు మీద పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

"ఊగుతోంది బావా," అన్నాను చివరికి. "ఊగనీ."

కాసేపటికి జవాబొచ్చింది. "ఊగనిస్తున్నా."

వంతెన ఊపు జానెడు నుంచి బెత్తెడైంది, బెత్తెడు నుంచి వేలెడైంది. ఆగింది.

"నిదానం. దించు."

గుడ్డు మీద పెట్టినా పగలదు, అలా కూర్చుంది. బోల్టులు బిగించి కొక్కెం విప్పేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా మా బావ కదల్లేదు. ఒంటిగంటకు నిచ్చెన చివరి మెట్టు దిగాడు. సైటంతా చుట్టూ చేరింది, ఎవరూ ఏమీ అడగలేదు. ఆకాశంకేసి, బూట్లకేసి చూస్తూ నిలబడ్డారు.

"అడగవేంట్రా?" అన్నాడు బావ నాతో.

"వచ్చిందా?"

"వచ్చింది. ఊగింది. నేను చెయ్యి పెట్టలేదు. దానంతటదే కూర్చుంది."

ఇంజనీరు ముందుకొచ్చాడు. "గద్దన్నా, స్టోరు తాళంచెవి తెప్పించి ఉంచాను. తిరిగి పంపేస్తున్నా."

"ఎందుకూ, ఉంచు. మా బావమరిదిని లోపల పెట్టి తాళం వెయ్యి."

అప్పుడే ఫోన్ మోగింది. అత్త. మా బావ చేతులకు గ్రీజు ఉంటే నేనే స్పీకర్ నొక్కి పట్టుకున్నాను. వెనకాల మా అక్క ఊపిరి కూడా వినిపిస్తోంది.

"నాయనా, ఆకాశం ఎలా ఉంది?"

"ఆకాశం సంగతి తర్వాత చెబుతానమ్మా. కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. డబ్బాలో ఏం పెట్టారు?"

ఆరేళ్ళుగా ఆ ఇంట్లో వినపడని మాట అది. అత్త గొంతు వినిపించింది, ఫోన్లోకి కాదు, పక్కకు తిరిగి. "విన్నావుటే కోడలా. వాడికి ఆకలేస్తోందట."

ఎలుకలు దొరికిన గద్ద ఏం చేస్తుందో నేను వేరే చెప్పాలా? బావ డబ్బా తుడిచిపెట్టాడు. తర్వాత నాది కూడా.